కంకరమ్మ గడ్డ దిగని మొక్కు

నగరం నుండి పడమటి దిక్కుకు పోయే లోకల్ బండి ఎక్కితే, మూతపడిన బట్టల మిల్లు గోడ దాటాక వచ్చే స్టేషను కంకరమ్మ గడ్డ. రెండు ప్లాట్‌ఫారాలు, వాటిని కలిపే ఇనుప వంతెన, టికెట్ల గది, దాని పక్కన టీ కొట్టు. పొద్దున పూట ఇక్కడ కాలు పెట్టే సందు ఉండదు. ఆఫీసులకు పోయేవారు, ఆస్పత్రులకు పోయేవారు, పూల గంపలతో ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కుతారు. స్టేషను చుట్టూ నాలుగంతస్తుల ఇళ్లు, కల్యాణ మండపాలు, మున్సిపాలిటీ కచేరీ ఉన్నాయి. ఇంత ఊరూ ఈ పట్టాలకు అంటుకుని పెరిగిందే.

శ్రీ కంకరమ్మ తల్లి సన్నిధి మొదటి ప్లాట్‌ఫారం పడమటి కొసన, గచ్చు వాలుగా నేలలోకి దిగే చోట ఉంది. గోపురం లేదు. విగ్రహం లేదు. ఇనుప కంచె లోపల మోకాలెత్తు కంకర కుప్ప, దాని మీద పసుపు, కుంకుమ. అంతే. భక్తులు తమ తమ ఊళ్ల నుండి ఒక్కొక్క రాయి తెచ్చి ఈ కుప్ప మీద వేస్తారు. తాతల నాటి నుండి వేస్తూనే ఉన్నారు. కుప్ప మాత్రం మోకాలెత్తు దాటలేదు. పక్కకు జారదు, ఎవరూ ఎత్తుకుపోరు. ఇంజినీర్లు వచ్చి కింద నేల గట్టిగానే ఉందని చెప్పి వెళ్లారు. నడి వేసవిలో అంతటా రాళ్లు చుర్రుమని కాలుతుంటే, ఇక్కడి రాళ్లు నిద్రపోతున్న మనిషి వీపులా గోరువెచ్చగా ఉంటాయి.

ఈ తల్లి కథ చెప్పేవాళ్లలో చాలామంది అసలు మాట దాచిపెడతారు. తల్లి తనంతట తాను వెలిసిందని చెప్పి చేతులు దులుపుకుంటారు. తల్లి వెలవలేదు. తల్లిని పగలగొట్టారు. పగలగొట్టిన చేతులు ఎవరివో, ఆ చేతులను తొందరపెట్టిన నోళ్లు ఎవరివో తెలుసుకోకుండా ఇక్కడ దండం పెట్టి లాభం లేదు. కనుక జరిగింది జరిగినట్టు వినండి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే ఎర్రమట్టి గడ్డ ఇది. ముళ్ల పొదలు, అక్కడక్కడా తంగెళ్లు, వాటి నడుమ మనిషి ఛాతీ ఎత్తున నిలబడిన ఒక నల్ల రాయి ఉండేవి. దానిని నిలుపురాయి అనేవారు. ఆ రాతికి బొట్టు పెట్టేవారు కాదు, పూలు వేసేవారు కాదు, కోడిని కోసేవారు కాదు. దారిన పోయేవాడు ఎవడైనా సరే, నెత్తిన ఉన్న బరువు దించి, ఆ రాతి దగ్గర కాసేపు ఆగి పోవాలి. అంతకు మించి ఆ తల్లి ఎవరినీ ఏమీ అడగలేదు. ఆగినవాడు ఇల్లు చేరేవాడు. ఒకసారి ఒక బండివాడు పంతానికి పోయి ఎద్దులను అదిలించి ఆగకుండా సాగిపోయాడు. ఎద్దులు ఇంటికి చేరాయి. బండిలో పలుపు తాడు, తలపాగా ఉన్నాయి. మనిషి లేడు.

బొట్టు లేని రాయి కావడంతో, ఊరి మనుషులు చెబితే తప్ప పరాయివాళ్లకు అది తల్లి అని తెలిసే దారి లేదు. తెలిసిన మూడు ఊళ్లవాళ్లూ పట్టాల పనికి వచ్చిన కూలీలతో మాట్లాడటం తమ మర్యాదకు తక్కువ అనుకున్నారు. మొదటి తప్పు అక్కడ జరిగింది.

నిజాం సర్కారు కాలంలో ఈ గడ్డ మీదుగా రైలు కట్ట వేశారు. కట్ట పోయడానికి, కంకర కొట్టడానికి వడ్డెర కుటుంబాలు గాడిదలతో, గుడిసె సామానుతో వచ్చి దిగాయి. వారిలో వల్లెపు తిప్పమ్మ ఒకతె. ఆమె భర్త హనుమంతు పట్టాల కింద కంకర దట్టించే పనివాడు. ఎత్తైన మనిషి, నవ్వుమొహం, ఎవరేది చెప్పినా నమ్మేసే రకం. తిప్పమ్మ సన్నగా, చురుకుగా, నోటి మీద మాట ఆగనట్టుగా ఉండేది. పెండ్లయి ఎన్నాళ్లో కాలేదు. ఆ ఇద్దరినీ చూసి గుంపులోని ముసలమ్మలు, "అది సుత్తె, వాడు రాయి. రోజుకో దెబ్బ తినంది వానికి పొద్దు గూకదు" అని నవ్వేవారు.

రాయి కొట్టే ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. కొత్త రాయి మీద మొదటి దెబ్బ వేసే ముందు సుత్తెతో మెల్లగా తట్టి, చెవి ఆనించి, "ఉన్నవా?" అని అడగాలి. రాయి మూగగా ఉంటే అది ఉత్త రాయి, కొట్టుకోవచ్చు. లోపలి నుండి తేనెటీగలు కదిలినట్టు జుమ్మని వినిపిస్తే అందులో ఎవరో ఉన్నారని అర్థం. అప్పుడు తప్పు కాయమని మొక్కి, దానిని వదిలి వేరే రాయి చూసుకోవాలి. తిప్పమ్మకు ఈ పని తల్లి నేర్పింది, తల్లికి ఆమె తల్లి నేర్పింది. బతుకంతా రాళ్లను పగలగొట్టేవాళ్లే రాళ్లకు అంత మర్యాద ఇచ్చారు.

వానలు దగ్గర పడుతున్నాయి. రైలు పనుల పై అధికారి అయిన దొర ఇంజను మీద వచ్చి కట్టను చూస్తాడని కబురు అందింది. కూలీల మీద మేస్త్రీ బలరామయ్య. పై వాళ్ల ముందు వంగి వంగి, ఆ వంగిన బాధంతా కింది వాళ్ల మీద తీర్చుకునే మనిషి. గుట్ట నుండి రాయి తేవడం ఆలస్యమవుతోందని అతడు ఆ పూట మండిపడుతున్నాడు. కట్ట పక్కనే నిలుపురాయి కనిపించింది.

"ఇంత రాయి కండ్ల ముందర పెట్టుకుని గుట్టకాడికి పోతున్నరా? కొట్టుండ్రి దీన్ని" అన్నాడు.

తిప్పమ్మ సుత్తె పట్టుకుని వెళ్లి రాతి మీద చెవి ఆనించబోయింది.

"ఏం జేస్తున్నవే?"

"అడుగుతున్న మేస్త్రీ. అడగంది కొట్టం మేము."

"రాయినేమడుగుతవే? పెండ్లికి పిలుస్తున్నవా? బొట్టు పెట్టి పట్టుచీర గూడ కట్టు!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. హనుమంతు కూడా నవ్వాడు. నలుగురిలో నవ్వులపాలైతే తిప్పమ్మకు ఒళ్లు మండేది. మొహం ఎర్రబడింది. అడగలేదు. సుత్తె ఎత్తి బలమంతా పెట్టి ఒక్క దెబ్బ వేసింది.

రాతి మీద పడిన దెబ్బకు ఖణ్మని మోగాలి. మోగలేదు. నిద్రలో ఉలిక్కిపడిన మనిషి ఊపిరి లోపలికి పీల్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపారు. మేస్త్రీ మాత్రం ఆపలేదు. సాయంత్రానికి నిలుపురాయి పిడికెడు పిడికెడు ముక్కలైంది. తట్టలకెత్తి కట్ట మీద పోశారు. దాని మీద అడ్డంగా కొయ్య దిమ్మెలు వేశారు, వాటికి పట్టాలు బిగించారు.

ఆ మర్నాటి నుండి ఆ చోట కంకర నిలవడం మానేసింది. పొద్దున పోసి దట్టించిన కంకర, మిట్టమధ్యాహ్నం అందరూ సద్ది తింటున్న వేళకు లోపలికి దిగిపోయేది. పట్టాలు పళ్లు ఊడిన దవడలా వేలాడేవి. మళ్లీ పోసేవారు. మళ్లీ దిగేది. కింద గుంత ఉందేమోనని గడ్డపారలతో తవ్వి చూశారు. గట్టి నేల. పోసిన కంకరలో ఒక్క ముక్క కనబడలేదు. గాలి లేని ఎండలో, పనివాళ్లెవరూ సుత్తె పట్టని సమయంలో, కట్ట కింద నుండి టక్ టక్ అని రాయి కొడుతున్న చప్పుడు వినిపించేది. ఆ దెబ్బల తీరు తిప్పమ్మదే. రెండు వేసి ఒక క్షణం ఆగి మూడోది వేయడం ఆమె అలవాటు. అందరూ ఆమె వంక చూసేవారు. ఆమె చేతిలో అన్నం ముద్ద ఉండేది.

ఒకనాడు కంకర మోసుకొచ్చిన గాడిద ఒకటి ఎండకు సొమ్మసిల్లి ఆ చోటే నిలబడిపోయింది. అందరూ చూస్తుండగా దాని కాళ్లు నీళ్లలోకి దిగినట్టు కంకరలోకి దిగాయి. అది అరవలేదు. పెనుగులాడలేదు. చెవులు రిక్కించి, కింద ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు తల వంచి, అలాగే లోపలికి పోయింది. పైన గోనె సంచీ మిగిలింది.

గడ్డ మీద గొర్రెలు కాచుకునే కురుమ బీరవ్వ అనే ముసలామె ఆ సంగతి విని వచ్చింది. రాయి ఉన్న చోటు చూసింది, నేల మీద కూలబడింది.

"ఎవరు కొట్టిండ్రు బిడ్డా?"

"నేనే అవ్వా" అంది తిప్పమ్మ.

"అయ్యో నా తల్లీ! ఆమె కాడ ఆగకుండ మనిషన్నోడు పోలేదే ఇన్నేండ్లు. ఇప్పుడు ఆమె మీదికెల్లే బండి నడుపుతరా? ఆగంది పోతే ఊకుంటదా?"

బీరవ్వ చెప్పిన మాట మేస్త్రీ చెవిన పడింది. అతడు దాన్ని తన బుద్ధికి తగినట్టే అర్థం చేసుకున్నాడు. లైను ప్రాణం అడుగుతోంది, గాడిద సరిపోలేదు అనుకున్నాడు. పెద్ద పనులు జరిగే చోట ఇలాంటి మాట పుట్టినప్పుడల్లా ఎవరి ప్రాణం గుర్తుకొస్తుందో చెప్పనక్కరలేదు. మేడలో పడుకునేవాడి ప్రాణాన్ని ఏ వంతెనా, ఏ కట్టా ఏనాడూ అడగలేదు. గుడిసెలో వాళ్లనే అడుగుతుంది!

మర్నాడు పొద్దున మేస్త్రీ మనిషి హనుమంతు గుడిసెకు కొత్త ధోవతి, పసుపు పూసిన తువాలు, వేపాకు దండ, బెల్లం ముద్ద తెచ్చి ఇచ్చాడు. రేపు దొర ఇంజను మీద వస్తాడనీ, పని బాగా చేసేవాడు కనుక హనుమంతే కట్ట మీద నిలబడి దొరకు దండం పెట్టాలనీ చెప్పి పోయాడు. హనుమంతు ధోవతిని గడ్డానికి ఆనించుకుని మురిసిపోయాడు.

"చూడే తిప్పీ, నీ అయ్య పెండ్లిల పెట్టిన దానికంటే నున్నగున్నది! దొర నాకు దండ ఏస్తడేమో."

తిప్పమ్మ బెల్లం ముద్దను, వేపాకు దండను చూసింది. జాతరలో పొట్టేలుకు ఇవే పెడతారు.

"మామా, ఇది దండం పెట్టేటోనికి ఇచ్చే బట్ట గాదు. ఇడిసెయ్. ఇప్పుడే పోదాం పా. గాడిదల్ని గూడ ఇడిసిపెడదాం."

సంగతి అర్థమయ్యేదాకా చెప్పింది. హనుమంతు ధోవతి మడత పెట్టి పక్కన పెట్టాడు.

"నేను పోతే యాదిగాన్ని నిలబెడ్తరు" అన్నాడు చివరికి. యాదగిరి అతని తమ్ముడు. "వాడు గాకపోతే ఇంకోడు. ఎవల్ని నిలబెట్టినా మనోడే గదనే."

"నీ మంచితనం తగలెయ్య!" అని తిప్పమ్మ ఏడ్చింది. అతని మాట తప్పని అనలేకపోయింది. రాయిని అడగకుండా కొట్టింది తను. పట్టుకుపోయేది తన మొగుణ్ణి. లేచి సుత్తె చేత పట్టుకుని కట్ట మీదికి నడిచింది.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. మనుషులంతా నీడకు చేరారు. తిప్పమ్మ కంకర దిగిపోయే చోట పట్టాల మధ్య బోర్లా పడుకుని చెవి ఆనించింది. తనను లోపలికి లాగుతుందని ఎదురు చూసింది. లాగలేదు. రాళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి అలిసిన కళ్లు మూతపడ్డాయి.

కలలో ఒక ముసలామె పట్టా మీద కూర్చుని ఉంది. నల్లని మనిషి, తెల్లని జుట్టు. ఆమె తల తిప్పితే మొహం కొంచెం వెనకబడి వచ్చేది. చెయ్యి ఒక చోట కదిలితే గాజుల చప్పుడు మరో చోట వినిపించేది. మాట మాత్రం కట్ట పొడుగునా అన్ని దిమ్మెల కింద నుండి ఒక్కసారే వచ్చింది.

"అడగలే గదనే నువ్వు."

"అడగలే" అంది తిప్పమ్మ. "నవ్విండ్రని పౌరుషానికి పోయిన. తప్పు నాది. నన్ను తీస్కో. నా మామనెందుకు?"

"వాన్ని నేనడిగిన్నా? వాని మెడల దండేసి నాకు రాసిచ్చింది మీ మేస్త్రీ. ఇచ్చిన సొత్తు ఎవలు కాదంటరు?"

"గాడిదను మింగలేదా మరి?"

"అది నా కాడ ఆగింది. నిలుపుకున్న. ఇన్నొద్దులు అందరు ఆగి పోయెటోళ్లు, నాకు సాలు. ఇప్పుడు ముక్కలు ముక్కలైన. నా కన్ను ఆడున్నది, నా నోరు ఈడున్నది. నా మీదికెల్లి ఆగంది ఉరికితే నన్ను నేను ఎట్ల కూడేసుకునేది?"

తిప్పమ్మ లేచి కూర్చుంది. భయం పోయి ఆమెకు సహజమైన నోరు తిరిగి వచ్చింది.

"నిన్ను ఏరి అతికించుడు నాతోని గాదు. మాట దాచను. ఆగుడే గావాలంటే మాత్రం రైలును ఆపుత. వచ్చిన ప్రతి రైలును ఆపుత."

"ఎట్ల ఆపుతవ్?"

"నీ మీద కూసుంట."

"ఆగకపోతే?"

"నేను గూడ ముక్కలైత. ఇద్దరం కలిసి పడి ఉందాం. నువ్వు ఏమన్న అనుకో, నాకు ముచ్చట్లు మస్తొస్తయి."

ముసలామె నవ్వింది. నవ్వు ఆమె మొహంలో కాకుండా తిప్పమ్మ వెనుక ఎక్కడో వినిపించింది. తరువాత తన షరతు చెప్పింది. తిప్పమ్మ ఇక ఈ గడ్డ విడిచి పోరాదు. వచ్చిన బండి ఆగినంతసేపూ అక్కడే ఉండాలి. హనుమంతు బతుకుతాడు. కానీ దండ వేసి ఇచ్చిన మనిషి కనుక, ఈ కంకర మీద పాదం మోపిన నాడు అతడు తల్లి సొత్తు. ఒప్పుకుంటే రైలు ఆగుతుంది.

వడ్డెరలకు పని ఎక్కడ ముగిస్తే అక్కడ గుడిసె విప్పడమే గాని ఒక చోట ఉండిపోవడం తెలియదు. కట్ట ముందుకు సాగితే గుంపు సాగుతుంది. గుంపుతో మొగుడూ సాగుతాడు. ఆ మాట తిప్పమ్మకు తల్లి చెప్పనక్కరలేకపోయింది. ఒప్పుకుంది.

మరుసటి రోజు మేస్త్రీ మనుషులు హనుమంతును వేపాకు దండతో కట్ట దగ్గరికి తెచ్చేసరికి తిప్పమ్మ పట్టాల నడుమ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒడిలో సుత్తె. దూరాన ఇంజను పొగ కనిపిస్తోంది.

"లాగెయ్యుండ్రి దాన్ని!" అని మేస్త్రీ అరిచాడు.

లాగబోయిన ఇద్దరి పాదాలు చీలమండల దాకా కంకరలో దిగాయి. వాళ్లు కేకలు పెట్టి వెనక్కి దూకారు. ఆ తరువాత మేస్త్రీ ఎంత తిట్టినా ఒక్కడూ కట్ట ఎక్కలేదు. ఎక్కమన్నవాడూ ఎక్కలేదు.

"తిప్పీ! లేయే! దండం పెడత లేయే!" అని హనుమంతు పరిగెత్తుకొచ్చాడు.

"ఆడనే ఆగు మామా! ఒక్క అడుగు ముందుకేసినవంటే నా మీద ఒట్టే!"

అతడు కట్ట అంచున మట్టి మీద ఆగిపోయాడు. పాదానికి, మొదటి కంకర రాయికి మధ్య బెత్తెడు చోటు ఉంది. బీరవ్వ వెనుక నుండి అతని నడుము చుట్టేసి పట్టుకుంది.

ఇంజను వచ్చింది. డ్రైవరు ఆమెను చూసి కూత వేశాడు, బ్రేకు వేశాడు. బరువైన బండి, వాలు కట్ట, ఆగే వేగం కాదు. పట్టాల నుండి నిప్పులు రాలాయి. అందరూ కళ్లు మూసుకున్నారు. కళ్లు మూయని మనిషి హనుమంతు ఒక్కడే. అతడు చూసింది ఇదీ: చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం కదలడం లేదు. ఇంజను ముందరి ఇనుప కమ్మీ తిప్పమ్మ నుదుటికి జానెడు దూరంలో నిలిచింది. చక్రాల కింద కంకర జుమ్మని తేనెటీగల్లా మోగుతోంది. ఆవిరి చప్పుడు దానంతట అదే అణిగిపోయింది. గొర్రెలు, మనుషులు, గాలి అన్నీ ఊరుకున్నాయి.

ఆ నిశ్శబ్దంలో తిప్పమ్మ వంగి రాళ్లకు చెవి ఆనించింది. మొదటి దెబ్బ నాడు అడగవలసిన మాటను అప్పుడు అడిగింది.

"ఉన్నవా?"

కట్ట పొడుగునా, ఒక్కో దిమ్మె కింద నుండి ఒక్కో గొంతుగా, దగ్గరి నుండి దూరానికి పాకుతూ జవాబు వచ్చింది. "ఉన్న... ఉన్న... ఉన్న..."

అక్కడున్న వాళ్లంతా విన్నారు. దొర టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తిప్పమ్మ లేచి పక్కకు జరిగింది. ఎవరూ ఏమీ తాకకుండానే ఇంజను నెమ్మదిగా ముందుకు కదిలింది. ఆనాటి నుండి కంకర దిగిపోలేదు. మేస్త్రీ బలరామయ్యకు మాత్రం ఎక్కడ పడుకున్నా పక్క కింద రాయి కొడుతున్న చప్పుడు వినిపించేదట. పని వదిలి పోయాడు. ఆ చప్పుడు అతన్ని వదిలిందో లేదో తెలియదు.

వానలు పడక ముందే పని ముగిసింది. గుంపు గుడిసెలు విప్పింది. హనుమంతు తానూ ఇక్కడే ఉంటానని మొండికేశాడు. తిప్పమ్మ ఒప్పుకోలేదు.

"ఈడుంటే ఒక్కనాడన్న నా దిక్కు ఉరికొస్తవ్. నీ కాళ్ల మీద నాకు నమ్మకం లేదు" అంది. "పనికి పో. బండ్లెక్కి తిరిగే పనే గద నీది. ఈడికెల్లి పోయినప్పుడు బండి ఆగుతది. నేనుంట. దిగకు. అంతే."

అలా ఈ గడ్డ మీద మొదటి ఇల్లు తిప్పమ్మ గుడిసె అయింది. ఇప్పటి మేడలన్నిటికీ అదే పెద్దక్క.

ఈ దారిలో వచ్చిన ప్రతి బండీ ఇక్కడ ఆగింది. పై అధికారులు డ్రైవర్లను మార్చారు, ఇంజన్లను మార్చారు, జరిమానాలు వేస్తామన్నారు. బండి ఆగుతూనే ఉంది. చివరికి బండిని తామే అక్కడ ఆపమన్నట్టు కనిపిస్తే పరువు దక్కుతుందని ఒక పేరు పలక పాతి దీనిని స్టేషను అన్నారు. బండి ఆగుతుందని తెలిసి మూడు ఊళ్ల పాలవాళ్లు బిందెలతో వచ్చారు. కూరగాయల వాళ్లు వచ్చారు. వాళ్ల కోసం టీ దుకాణం, దుకాణం కోసం గిడ్డంగి, తరువాత బట్టల మిల్లు, మిల్లు కూలీల కోసం ఇళ్ల వరుసలు, ఇళ్ల కోసం బడి, ఆస్పత్రి వచ్చాయి. ఇప్పుడు ఊరి వీధులకు ఎవరెవరి పేర్లో ఉన్నాయి. రాయి కొట్టిన వాళ్ల పేరు ఒక్క సందుకు కూడా లేదు. ఈ మాట చదివి కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

హనుమంతు పట్టాల పని మీద ఎక్కడెక్కడికో పోయేవాడు. వీలైనప్పుడల్లా మధ్యాహ్నపు బండిలో ఈ దారిన వచ్చేవాడు. తలుపు దగ్గర రెండు కాళ్లూ పైకి ముడుచుకుని కూర్చునేవాడు. తిప్పమ్మ కింద నిలబడి చెంబుతో నీళ్లు అందించేది. బండి ఆగినంతసేపూ అతడు తాగేవాడు.

"ఇంకెంతసేపు తాగుతవ్? కడుపా, బాయా?" అనేది ఆమె.

"చెంబు ఖాళీ అయితే నువ్వు పోతవ్ గదనే" అనేవాడు అతడు.

కూత పడేది. బండి కదిలేది. చెంబు ఆమె చేతికి వచ్చేది. వాళ్ల కాపురం అంతా ఆ ఆగినంతసేపే సాగింది. అతని దాహం చూసి పక్కన కూర్చున్నవాళ్లు కూడా చేతులు చాపేవారు. ఆమె వాళ్లకూ పోసేది. ఊరు పెరిగాక ఊరి ఆడవాళ్లు కూడా బిందెలతో వచ్చి ఆమె పక్కన నిలబడటం మొదలుపెట్టారు.

ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. ఒక వేసవి మధ్యాహ్నం బండి ఆగింది. హనుమంతు తలుపు దగ్గర కాళ్లు ముడుచుకుని చెయ్యి చాపాడు. చేతికి చెంబు అందలేదు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకామె, "పొద్దుగాల్నే పోయింది పెద్దయ్యా. నీళ్లు తోడుకొచ్చి కంకర మీద ఒరిగింది. లేపుదామని ఉరికొచ్చేసరికి..." అని ఆగిపోయింది. "ఒరిగిన కాడ రాళ్లే ఉన్నయి. మనిషి లేదు."

హనుమంతు ఏడవలేదు. కంకర వంక చూశాడు. తరువాత ముడుచుకున్న కాళ్లు విప్పి, ఒక చేత్తో తలుపు కమ్మీ పట్టుకుని, పండుగ నాడు చుట్టాలింటికి వచ్చినవాడిలా నెమ్మదిగా దిగాడు.

"దిగకు పెద్దయ్యా!" అని ఆడవాళ్లు అరిచారు.

"ఇన్నేండ్లు దిగనియ్యలేదమ్మా. ఇప్పుడన్న దిగనియ్యుండ్రి" అన్నాడు.

పాదం కంకర మీద మోపాడు. వంగి చెవి ఆనించాడు. ఏం విన్నాడో గాని, చెంబు నీళ్లు తాగుతున్నప్పుడు నవ్వే నవ్వు నవ్వాడు. బండి కూత వేసింది. అందరూ అలవాటు కొద్దీ బండి వంక చూశారు. తిరిగి చూసేసరికి అక్కడ అతని తువాలు ఒక్కటే ఉంది. తువాలు కింద రాళ్లు, అప్పుడే మనిషి లేచి పోయిన పక్కలా, వెచ్చగా ఉన్నాయి. ఆ చోటే ఈనాటి సన్నిధి.

ఈ తల్లికి పూజారి వంశం లేదు, టికెట్టు దర్శనం లేదు. ఇంటి మనిషి పని కోసం దూర దేశం పోయినవారు, గనుల్లో, వంతెనల మీద, ఎత్తైన కట్టడాల మీద బతికే వారి ఇళ్లవారు ఇక్కడ దిగని మొక్కు మొక్కుతారు. మొక్కుకున్నవారు మధ్యాహ్నపు లోకల్‌లో రావాలి. బండి ఆగినప్పుడు తలుపు దగ్గర నిలబడి, దిగకుండా, పోయిన వారి పేరు తలుచుకుని, కింద నుండి అందించిన నీళ్లు తాగి ముందుకు సాగిపోవాలి. పోయిన మనిషి ఇంటికి చేరిన తరువాత ఆ మనిషితో కలిసి వచ్చి, ఇద్దరూ ఒక్కసారే దిగి, తమ ఊరి రాయి ఒకటి కుప్ప మీద వేయాలి. ఇలా మొక్కిన ఇళ్లకు పోయినవారు క్షేమంగా తిరిగి వస్తారని, విడిపోయిన ఆలుమగలు ఒక చోటికి చేరతారని నమ్మకం.

నీళ్లు అందించే పని ఊరి ఆడవాళ్లు వంతులవారీగా చేస్తారు. స్టీలు బిందెలతో, శుభ్రమైన గ్లాసులతో వస్తారు. ఎప్పుడైనా ఎండ బాగా ముదిరిన రోజున మీకు గ్లాసు బదులు ఒక సొట్టపడిన ఇత్తడి చెంబు అందవచ్చు. చెంబు పట్టిన చేతికి రాతి పొడి అంటుకుని ఉండవచ్చు. కంగారు పడకండి. పేరు అడగకండి. కడుపునిండా తాగి, చెంబు తిరిగి ఆ చేతికే ఇవ్వండి. ఆ చేతి వెనక ఇంకొక మనిషి దాహంతో ఉన్నాడు.